లేని కాగితం చదివిన సత్తెమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. నా బిడ్డ సత్తెమ్మను పంజగుట్ట బడిలో చేర్చడానికి పోయిన సంగతి చెబుతాను. యుద్ధం రోజులవి. ఆలేరు దగ్గర మా ఊళ్లో మగ్గం నేసి బతికేవాళ్లం.

తెల్లవారుజామున రైలెక్కాం. నాకు పూర్తి టికెట్టు, సత్తెమ్మకు అర టికెట్టు. రొట్టెల మూట విప్పేలోపే నా బిడ్డ మూడో తరగతిలో చేరబోతోందని పెట్టెలో అందరికీ చెప్పేశాను. ఎదురుగా కూర్చున్న నూలు వ్యాపారి మల్లయ్య, "ఏదీ, జర వినిపియ్ బిడ్డా" అన్నాడు. సత్తెమ్మ ఆవు పాఠం మొత్తం గడగడా చెప్పింది.

"పుస్తకం సుత అక్కర్లే! మస్తు చదువు!" అన్నాడు. నేను పొంగిపోయాను.

సికింద్రాబాదులో బండి మారి బేగంపేటలో దిగాం. మీరు పోయినా అక్కడే దిగండి, అమీర్‌పేటకు నడిచి పోవచ్చు. అమీర్‌పేటలో మా ఆడబిడ్డ రాజమ్మ బట్టలు కుట్టేది. సత్తెమ్మను తన దగ్గరే ఉంచుకుంటానని ముందే మాటిచ్చింది. అన్నం, పప్పుచారు పెట్టి, మధ్యాహ్నం మమ్మల్ని పంజగుట్ట బడికి తీసుకుపోయింది.

అక్కడి టీచరు సువార్తమ్మ పాత వాచకం ఒకటి ఇచ్చింది. మా ఊరి బడిలోనూ అదే వాచకం. సత్తెమ్మ వేలు పెట్టి ఆవు పాఠం చదివింది. కాగితం తిప్పి వాన పాఠం అందుకుంది. నేను రాజమ్మ వైపు చూసి మురుస్తున్నాను.

"ఆగు బిడ్డా" అన్నది టీచరమ్మ. "నీ వేలు కింద ఉన్నది కుమ్మరి పాఠం. వాన పాఠం కాగితం ఎన్నడో చినిగిపోయింది."

లేని కాగితాన్ని చదివింది నా బిడ్డ! నేల చీలితే బాగుండుననిపించింది.

"మీ ఊరి బడిల ఎట్ల చెప్తరమ్మా?"

"పంతులు ఒక్కడే, తరగతులు నాలుగు. పుస్తకాలు మూడే. పెద్ద పిల్లలు ఒక్కో మాట అంటరు, అందరు ఎంట అంటరు."

చెబుతుంటే నాకే తెలిసొచ్చింది. మగ్గాల దగ్గర కూర్చుని, ఆ కేకలే చదువనుకుని మా వీధంతా మురిసింది.

"ఒకటో తరగతిల కూసోవాలె, పసిపిల్లల నడుమ" అన్నది టీచరమ్మ.

సత్తెమ్మ నా కొంగు పట్టుకుంది. "నేను తప్పు చదివిన్నా అమ్మా?"

"తప్పు నీది కాదు బిడ్డా" అన్నది టీచరమ్మ. ఎవరిదో చెప్పలేదు. నా ముఖం కూడా చూడలేదు.

బిడ్డను రాజమ్మ దగ్గర వదిలి మరునాడు ఒంటరిగా రైలెక్కాను. నూలు మూటలతో మల్లయ్య మళ్లీ ఎదురుపడ్డాడు.

"ఏమక్కా, మూడో తరగతేనా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. "కాదన్నా, ఒకటో తరగతి. దానికి అక్షరాలు రావు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లయ్య నవ్వలేదు.

"మా పోరడు సుత పుస్తకం చూడకుంటనే చెప్తడు. బజారంత చెప్పుకుంటి" అని కిటికీలోంచి బయటికి చూశాడు.

ఊరు చేరేసరికి బడి ఇంకా విడవలేదు. ఒక్క గొంతుగా వాన పాఠం వినిపిస్తోంది. మూటతోనే లోపలికి పోయాను.

"జర ఆపుండ్రి పంతులూ. వాన అన్న మాట యాడుందో పిల్లలను వేలు పెట్టి చూపియ్యమనుండ్రి."

ఒక్కరి వేలూ ఆ మాట మీద ఆగలేదు. పంతులు తల దించుకున్నాడు. "నాకెరుకనే తల్లీ. పుస్తకాలు, ఇంకో పంతులు కావాలని తాలూకా కచేరీల అడిగి అడిగి అలిసిపోయిన. నా ఎంట ఒక్కరన్న రాలే."

మూట నేల మీద పెట్టాను. "రేపు పోదాం. మగ్గాలు ఆపి మేమందరం వస్తం" అన్నాను.

మీ పిల్లల వేలు ఏ మాట మీద ఉంటే నోట ఆ మాటే పలకాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.