మెలిక పడిన పోంచో

ఆ ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఆయనకు కూర్చోవడానికి ఎత్తు స్టూలు, నొక్కడానికి బొత్తాల వరస, ఒళ్ళో ఊలు ఉండ. మీసాలున్న మనిషి అల్లుతుంటే ఎక్కినవాళ్ళు చేతి చాటున నవ్వుకునేవారు. పై అంతస్తుకు చేరేలోపు నవ్వుకోవడానికి వాళ్ళకు ఇంకేం దొరుకుతుంది గనక. ఆ వారం ఆయన ఎవరి మొహమూ చూడలేదు. చెల్లెలి కోసం, తలమీంచి దించుకుంటే శాలువాలా ఒళ్ళంతా కప్పే పోంచో అల్లుతున్నాడు.

చెల్లెలు ఆడపిల్లలకు పరుగు నేర్పుతుంది. మెడలో విజిల్ లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. మెట్ల మీద జారి భుజం విరగ్గొట్టుకుని, కుడి చెయ్యి ఛాతీకి కట్టించుకుని కూర్చుంది. సరిగ్గా ఇప్పుడే ఆమె పిల్లలు మొదటిసారి రిలే ఫైనల్‌కు వచ్చారు. పందెం సోమవారం తెల్లవారగానే. చలి కొరికేస్తోంది. ఆ చెయ్యి స్వెట్టరులో దూరదు. శాలువా కప్పుకుంటే జారకుండా పట్టుకోవాలి, ఉన్న ఒక్క చేతిలోనేమో స్టాప్‌వాచ్ ఉండాలి. జ్వరం తగ్గి రెండు రోజులు కాలేదు, ఒంటి మీద వెచ్చటి బట్ట లేకుండా గడప దాటనివ్వనని మొగుడు తెగేసి చెప్పాడు. నాకెవరూ చంటిపిల్లకు తొడిగినట్టు తొడగక్కర్లేదని ఆమె అంతకన్నా గట్టిగా చెప్పింది.

చేతులే లేని బట్ట అయితే పేచీ ఉండదని అన్నకు తట్టింది. మెడ దగ్గర మొదలుపెట్టి, తీగతో కలిపిన జంట సూదుల మీద గుండ్రంగా తిరుగుతూ, కుట్లు పెంచుకుంటూ కిందికి దిగడమే. అతుకు ఉండదు. లావు ఊలు, లావు సూదులు, చకచకా సాగింది.

శనివారం మధ్యాహ్నం, బెత్తెడు పని అయ్యాక, ఉత్సాహం ఆపుకోలేక చెల్లెలి ఇంటికి పరుగెత్తాడు. ఆమె మెడ చుట్టూ పెట్టి చూస్తే బట్ట ఒకచోట తాడులా మెలి తిరిగింది. ఎంత సర్దినా ఆ మెలిక పక్కకు జరుగుతుందే తప్ప పోదు.

మొదటి వరస కొసలు కలిపేటప్పుడు కుట్లన్నీ ఒకే వైపు చూస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఆయన కలుపుతున్నప్పుడే లిఫ్టులోకి జనం తోసుకొచ్చారు, చూసుకోవడం మరిచాడు. అక్కడ పడిన మెలిక ఇక జన్మలో పోదు. అంతా విప్పి మళ్ళీ మొదలుపెడితే సోమవారానికి అందదు.

"కత్తిరిస్తే పోతుంది," అన్నాడు. "కానీ అల్లిన దాన్ని నేనెప్పుడూ కత్తిరించలేదే."

"నేను మాత్రం ఇంతకుముందు ఎప్పుడైనా ఎముక విరగ్గొట్టుకున్నానా? కత్తిరించన్నయ్యా."

కత్తిరించాక ఊలు విడిపోకుండా, కత్తెర దిగాల్సిన చోటుకు రెండు పక్కలా దారంతో గట్టిగా కుట్టాడు. ఆమె ఎడమ చేత్తో బట్టను బిగించి పట్టుకుంది. కత్తెర కరకరమంటూ మెడ అంచు నుంచి సూది దాకా దిగింది. ఊలు విడిపోలేదు. బట్ట సూది చుట్టూ ఒక్క తిరుగు తిరిగి, మెలిక వదిలించుకుని బల్లపరుపుగా పడింది. ఆయనకు అరవాలనిపించింది. కొసలు మళ్ళీ కలిపి, ఈసారి ప్రతి కుట్టునూ తడిమి చూసుకుని, మిగతాది అందుకున్నాడు. చీలికను కుట్టబోతే ఆమె వద్దంది. మెడ అంత వెడల్పుగా ఉంటే భుజం కదల్చకుండా తనంతట తానే తలమీంచి దించుకోగలదు.

సోమవారం పొద్దున అలాగే దించుకుని గడప దాటింది. మొగుడే తలుపు తీసి పట్టుకున్నాడు. ఒక్కటే లోటు, కుట్లను సూది నుంచి దించి కింది అంచు ముగించడం ఇంకా సగం ఉంది. మైదానం పక్కన ఆమె నిలబడి గొంతు చించుకుంటుంటే, అన్న ఆమె చుట్టూ తిరుగుతూ ఒక్కో కుట్టూ ముగిస్తున్నాడు. జనం నవ్వుతున్నారు. నవ్వనీ.

తుపాకీ పేలింది. మొదటి పిల్ల దూసుకుపోయింది. ఆమె కాలు నిలవలేదు, గీత వెంట తనూ పరుగు లంకించుకుంది. వెనక సూది వేలాడుతోంది. ఊలు ఉండ పట్టుకుని అన్న పరుగెత్తాడు.

"నిలబడవే, కుట్లు జారిపోతాయి."

"జారనీ. దాన్ని చూడు, మూడో పిల్లని చూడు."

ఆయన చూశాడు. మూడో పిల్ల ఇద్దర్ని దాటి కర్ర అందించింది. నాలుగో పిల్ల అందరికన్నా ముందు గీత దాటింది. చెల్లెలు వాచీ నొక్కి, అంకెలు ఆయన కళ్ళకు ఆనించినంత దగ్గరగా పెట్టి ఊపేస్తోంది. అంచున గుప్పెడు కుట్లు ఊడి వేలాడుతున్నాయి. ఎగపోస్తున్న ఊపిరితోనే ఆయన వాటిని ఒక్కొక్కటిగా సూదికి ఎక్కించడం మొదలుపెట్టాడు.