చెవికి అంటించిన గింజలు

ఫిలింనగర్‌లో బస్సెక్కి పక్కన కూర్చున్న ఆయన చెవులకు చిన్న చిన్న ప్లాస్టర్లతో గింజలు అంటించి ఉన్నాయి. ఎందుకని అడిగాను. నా పెదవుల వైపే చూస్తూ, "మీరు సినిమా ఫీల్డా సార్?" అన్నాడు. కాదన్నాను.

"సౌండ్ మిక్సింగ్ చేస్త. రెండేండ్ల సంది వినబడుడు తగ్గుతున్నది. గిది చైనా వైద్యం, దినాం ఈ గింజలు నొక్కుకోవాలె."

ఇలాంటి వైద్యాల మీద ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను. "గింజలు నొక్కితే పోయిన వినికిడి వస్తుందని రుజువు లేదు. చెవి డాక్టరుకు చూపించుకోండి," అన్నాను గట్టిగా.

"చూపించిన సార్. చెవిల మిషన్ పెట్టుకోమన్నడు. అది పెట్టుకొని స్టూడియోల కూసుంటే రేపు నాకు సినిమా ఎవడిస్తడు? ఇవైతే మోకాళ్ల నొప్పికని చెప్తున్న. జర నవ్వుతరు, గంతే."

"మరి పని ఎలా చేస్తున్నారు?"

ఆయన ముందు సీటు కడ్డీ మీద అరచెయ్యి ఆనించాడు. ఇంజన్ అదురుకు కడ్డీ వణుకుతోంది. "స్పీకర్ మీద గిట్ల పెడత."

 నేనూ ఆ కడ్డీ మీద అరచెయ్యి ఆనించి చూశాను.

ఆయన దిగాల్సిన చెక్‌పోస్ట్ స్టాప్ వచ్చిందని కండక్టర్ రెండుసార్లు అరిచినా కదల్లేదు. భుజం తట్టాను. దిగి, ఫుట్‌పాత్ మీద నిలబడి, బొటనవేలితో ఒక్కో గింజనూ గట్టిగా నొక్కుకున్నాడు.