గవర్నర్ వేషంలో మా అమ్మాయి

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళ సోషల్ స్టడీస్ టీచర్ క్లాసులో ఒక విచారణ పెట్టింది. అమెరికా ఇంకా బ్రిటన్ చేతిలో ఉన్న రోజుల్లో నార్త్ కరోలినాని ఏలిన ఒక గవర్నర్‌ని పిల్లలు ప్రశ్నించాలి. కొందరు లాయర్లు, కొందరు సాక్షులు. తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చునేది ఇళ్ళనుంచి వచ్చిన పెద్దవాళ్ళు. గవర్నర్ వేషం మా అమ్మాయికి వచ్చింది.

అదే నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌ అనే ఊళ్ళో అన్నేళ్ళుగా ఉంటున్నా ఆయన గురించి నాకేమీ తెలియదు. నేను ఆఫీసుకి వెళ్ళే రోడ్డుకి ఆయన పేరే ఉందని కూడా మా అమ్మాయే చెప్పింది. ఆ వారమంతా భోజనాల దగ్గర ఆయన కథే. చిన్న వయసులోనే బ్రిటిష్ సైన్యంలో చేరాడు. ఫ్రాన్స్ మీద యుద్ధంలో గాయపడ్డాడు. తర్వాత పెద్దవాళ్ళ పలుకుబడితో గవర్నర్ పదవి దొరికింది. భార్యనీ చిన్న కూతుర్నీ వెంటబెట్టుకుని సముద్రం దాటి వచ్చాడు. ఇటుకలతో పెద్ద భవంతి కట్టించుకున్నాడు. పడమటి వైపు రైతులు పన్నుల మీదా, వాటిని వసూలుచేసే షెరీఫుల దోపిడీ మీదా తిరగబడితే ఫిరంగులతో వాళ్ళమీదికి నడిచాడు. పొలాల్లో జరిగిన యుద్ధంలో గెలిచాక, దొరికిన రైతు ఒకణ్ణి విచారణ లేకుండా అక్కడికక్కడే ఉరితీయించాడు. తర్వాత కోర్టు పెట్టి ఇంకొందరిని. ఆ వెంటనే ఆయనకి ఇంకా పెద్ద రాష్ట్రానికి గవర్నర్‌గా ప్రమోషన్ వచ్చింది.

విన్నకొద్దీ నాకు ఒంటికి కారం రాసినట్టయింది. క్లాసులో ఎవరికీ అక్కర్లేని వేషం మా పిల్ల నెత్తిన ఎందుకు పెట్టారు? టీచర్‌కి ఫోన్ చేసి, గొంతు పెరగకుండా జాగ్రత్తపడుతూ అదే అడిగాను.

"తనే అడిగి తీసుకుంది," అంది టీచర్. "అందరికంటే ముందు చెయ్యెత్తింది."

సాయంత్రం మా అమ్మాయిని నిలదీశాను.

"అందరికీ ఫార్మర్ వేషమే కావాలి అమ్మా. ఫార్మర్ అయితే ఏం చెప్పినా రైటే కదా. నాకు ఆయన ఏం థింక్ చేశాడో తెలుసుకోవాలని ఉంది."

రైతుల తరఫు లాయరుగా నిలబడేది మా వీధి చివరింటి అమ్మాయి. మా అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు. ఇద్దరూ రోజూ నా కారులోనే స్కూలుకి వెళ్ళేవాళ్ళు. ఆ వారం తను రాలేదు. వాళ్ళ తాతయ్య దింపుతున్నాడు. స్కూలు ముందు కార్లు ఆగిన చోట ఒకరోజు ఆయన దిగి నా కారు అద్దం దగ్గరికి వచ్చాడు. పొడుగాటి మనిషి. నవ్వకుండా మాట్లాడతాడు.

"ఉరితీసిన వాళ్ళలో ఒకడు మా వంశం వాడు," అన్నాడు ఇంగ్లిష్‌లో. "మా ఇంట్లో ఆ గవర్నర్ పేరు ఎవరూ పలకరు. జ్యూరీకి నేనూ వస్తున్నాను. మీ అమ్మాయిని బాగా సిద్ధం చేయండి."

అది బెదిరింపో, సలహానో నాకు అర్థం కాలేదు. వెనక కారు హారన్ కొడితే కదిలాను.

ఇంటికి వచ్చాక మా అమ్మాయితో అన్నాను. "కొంచెం మెత్తగా చెప్పు. చివర్లో సారీ అని ఒక మాట కలుపు."

"ఆయన సారీ చెప్పలేదమ్మా."

"చెప్తే ఏం పోతుంది?"

"అది లై అవుతుంది."

"మన గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు. చుట్టుపక్కల వాళ్ళతో మనకి గొడవలెందుకే?"

స్కూల్లో పిల్లల ఆటకీ గ్రీన్‌కార్డ్‌కీ సంబంధం లేదని నాకు తెలియక కాదు. ఆ రోజుల్లో ఏ భయం పుట్టినా నా బుర్ర తిరిగి తిరిగి అక్కడికే చేరేది. మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళిపోయింది.

విచారణ స్కూల్ లైబ్రరీలో జరిగింది. నా పాత మెరూన్ కోటు వేసుకుని, మెడ దగ్గర కర్టెన్ లేసు పిన్నుతో గుచ్చుకుని మా అమ్మాయి ఒంటరిగా కుర్చీలో కూర్చుంది. జ్యూరీలో నేను రెండో వరసలో. ఆ తాతయ్య నా ముందే.

స్నేహితురాలు లేచి, మా అమ్మాయి ముఖంలోకి చూడకుండా మొదలుపెట్టింది.

"మీరు సోల్జరా, గవర్నరా?"

"రెండూ."

"వాళ్ళు మీ ప్రజలు. మరి ఫిరంగులు ఎందుకు తెచ్చారు?"

"వాళ్ళు కోర్టు మీద పడి లాయర్లని కొట్టారు. జడ్జి పారిపోవాల్సి వచ్చింది. నేను చూస్తూ ఊరుకుంటే రేపు ఇంకెవరింటి మీద పడతారు?"

మా అమ్మాయి ఎక్కడా తడబడలేదు. నాకు గర్వంగా ఉండాల్సింది. కానీ ఆ గొంతు మా పిల్లది కాదేమో అనిపించింది. తర్వాత జ్యూరీ వంతు వచ్చింది. ఆ తాతయ్య పక్క కుర్చీ పట్టుకుని లేచాడు.

"యుద్ధం అయిపోయింది. మీరు గెలిచారు. ఆ తర్వాత ఒక మనిషిని విచారణ లేకుండా ఉరితీయించారు. ఎందుకు?"

మా అమ్మాయి కాగితాల వైపు చూసింది, వాటిని పక్కన పెట్టేసింది. సారీ చెప్పు, సారీ చెప్పు అని లోపల గొణుక్కుంటున్నాను.

"నా సైనికులు కోపంగా ఉన్నారు," అంది నెమ్మదిగా. "వాళ్ళ ఫ్రెండ్స్ చనిపోయారు. ఎవరో ఒకరు చావాలని అడిగారు. అందుకని ఇచ్చాను."

"ఒక మనిషినా?"

"అవును."

"ఆ రాత్రి మీకు నిద్ర పట్టిందా?"

"పట్టింది. పొద్దున్నే మళ్ళీ మార్చ్ చెయ్యాలి."

ఆయన కూర్చున్నాడు. ఆయన మెడ ఎర్రబడటం నాకు వెనకనుంచి కనబడింది.

ఆ ఉరి విషయంలో గవర్నర్ దోషి అనుకునేవాళ్ళు చేతులెత్తమంది టీచర్. నేను ఎత్తకపోయినా ఎవరూ తప్పుపట్టరు, కన్నతల్లిని కదా. ముందు వరసలో ఆయన చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది. నా చెయ్యి లేచింది. మా అమ్మాయి సూటిగా నన్నే చూసింది. ఆ తర్వాత ఆయన ఎత్తాడు, ఆ వెనక మిగతావాళ్ళు. దోషి అని తేల్చారు.

అందరూ లేస్తుంటే ఆయన మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. నేను కుర్చీలు తోసుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళాను.

"మా ఇంట్లో ఈ ప్రశ్న మా తాత అడిగాడు, మా నాన్న అడిగాడు," అంటున్నాడాయన. "గోడకి అడిగినట్టే ఉండేది. ఇవాళ ఎవరో జవాబు చెప్పారు. సారీ అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు."

మా అమ్మాయి లేసు పిన్ను ఊడదీసుకోబోతే రాలేదు. దూరంగా నిలబడ్డ స్నేహితురాలు వచ్చి పిన్ను తీసిపెట్టింది.

కారెక్కాక మా అమ్మాయి అంది. "నువ్వు నా మీద వోట్ వేశావ్."

"నీ మీద కాదు, ఆయన మీద."

"అప్పుడు నేనే కదా ఆయన్ని. నువ్వే ఫస్ట్ ఎత్తావ్."

నేను కారు స్టార్ట్ చేశాను. సోమవారం చివరింటి అమ్మాయి మళ్ళీ నా కారెక్కింది. వాళ్ళిద్దరూ వెనక సీట్లో గలగలా మాట్లాడుకున్నారు. నాతో మాత్రం మా అమ్మాయి ముక్తసరిగానే ఉంది. శనివారం పొద్దున తనే వచ్చి, ఆ యుద్ధం జరిగిన చోటికి తీసుకెళ్ళమంది.

గంటకి పైగా డ్రైవ్ చేశాను. మేం తప్ప ఎవరూ లేరు. గడ్డి, ఒక రాతి స్తంభం, ఫిరంగి నమూనా ఒకటి, పక్కన రోడ్డు మీద లారీల రొద. మా అమ్మాయి బోర్డు చదివి, సైన్యం నిలబడిన వైపుకి వెళ్ళింది.

"నువ్వు అటువైపు వెళ్ళమ్మా. ఫార్మర్స్ ఉన్నచోటికి."

వెళ్ళి నిలబడ్డాను. మధ్యలో ఉన్న దూరం నేననుకున్నంత లేదు. మా అమ్మాయి కళ్ళు, గాలికి ఎగిరే జుట్టు, బిగపట్టిన పెదాలు అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. తను కూడా కదలకుండా నన్నే చూస్తోంది. లారీ ఒకటి దాటిపోయింది.

"ముఖాలు కనిపిస్తాయమ్మా," అంది గట్టిగా. "ఇక్కడ్నుంచి అందరి ముఖాలూ కనిపిస్తాయి."

తర్వాత గడ్డిలో నడుచుకుంటూ నా వైపు రావడం మొదలుపెట్టింది.