స్వేదన జలం, బేటరీ నీళ్ళు

మొన్న పొద్దున్న పెందుర్తి నుంచి కబురొచ్చింది, మా బావ పోయాడని. మా మధ్య చుట్టరికం లేదు. యూనివర్సిటీ రసాయనశాస్త్ర విభాగంలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్ళం. ఈ ఊళ్ళో మగవాళ్ళు పిలుచుకునే పద్ధతిలోనే బావా అని పిలుచుకున్నాం. ఈ వయసులో నన్నలా పిలవడానికి కొత్తగా ఎవరూ దొరకరు.

సంతాపసభలో ఒక భాషాపండితుడు, మా బావ పరిశోధనను ప్రజల చెంతకు చేర్చిన మహనీయుడన్నాడు. అది చేరుతున్నప్పుడు ఈ పండితుడు ఏం చేశాడో రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

డెబ్బైల చివర్లో మా బావ, సముద్రపు గాలికి తొందరగా పాడవని బేటరీ పలకలు తయారుచేశాడు. వ్యాసం అచ్చయింది, అందరూ మెచ్చుకున్నారు. అతను మాత్రం, "అచ్చులో దీపం వెలగదు గదా బావా" అన్నాడు. బేటరీలు చేసి అమ్మడానికి కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. యూనివర్సిటీ ఒప్పుకుంది గానీ, తన పేరుతో వెళ్ళే ప్రతి అక్షరాన్నీ ఒక కమిటీ చూడాలంది.

బేటరీ మీద అంటించే కాగితంలో బావ "బేటరీ నీళ్ళు మాత్రమే పొయ్యాలి" అని రాశాడు. కమిటీలో ఉన్న ఈ పండితుడు అది కొట్టేశాడు. ఇంత మోటుగానా అని, "స్వేదన జలము" అని దిద్దాడు.

మొదటి బేటరీలు మరబోట్లవాళ్ళు కొన్నారు. కొద్ది వారాలకే అన్నీ చచ్చి తిరిగొచ్చాయి. ఒక ముసలి జాలరి తన బేటరీని షెడ్డులో దించాడు.

"ఏటి పోసేవు మామా?" అన్నాడు బావ.

"సముద్రం నీరే. మీరే గదా పొయ్యమన్నారు."

"నానెప్పుడన్నాను?"

"కాయితం మీద స్వేదన జలమని లేదేటి? స్వేదమంటే సెమటని మా బడి పంతులు సెప్పినాడు. అంత సెమట ఎక్కడ పడతాం? ఉప్పు ఉప్పే గదాని పోసీసినాం."

నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. "మీ పంతులు సరిగ్గానే సెప్పినాడు మామా" అని, అందరికీ కొత్త బేటరీలిచ్చాడు. పాత మాటే అచ్చు వేయించాడు.

విభాగంలో ఏడాదిపాటు "మీ బావ చెమట వ్యాపారం ఎలా ఉంది?" అని నన్నడిగారు. దిద్దిన మాటైనా ఉండాలి, లేదా అనుమతైనా పోవాలి అంది కమిటీ. బావ ఉద్యోగమే వదిలేశాడు.

షెడ్డు నిలబడింది. రేవులో చాలా బోట్లకు అతని బేటరీలే. ఇద్దరు శిష్యులు సొంతంగా షెడ్లు పెట్టుకుంటే, పోటీ అనుకోకుండా వెళ్ళి పని నేర్పొచ్చాడు. అయితే విభాగం నుంచి ఒక్కరూ అతని గడప తొక్కలేదు. కొత్త పత్రికలు నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. నిలబడే చదివేవాడు. చదివినదాని గురించి మాట్లాడటానికి అతనికి నేను తప్ప ఎవరూ లేరు. నాకూ అంతే.

సభ సగంలో లేచి షెడ్డుకి వెళ్ళాను. వరసగా సెల్స్ ఛార్జింగుకి పెట్టి ఉన్నాయి.

"ఈ ఒక్కరోజైనా ఆపలేదేమయ్యా?" అని మేస్త్రీని అడిగాను.

"ఆపితే రేపు బోట్లు కదలవు బాబూ. మేస్టారొప్పుకోరు" అన్నాడు. పోయినవాడి గురించి అలా, ఉన్నట్టే అన్నాడు.

అతను టీకి వెళ్ళాక అక్కడే కూర్చున్నాను. సెల్స్‌లో బుడగలు సన్నగా పొంగుతున్నాయి. బయట గూడ్సు బండి వెళ్తుంటే లోపలి యాసిడ్ అంతా ఒక్కసారి వణికి, బండి దాటిపోయాక మెల్లగా నిలకడపడింది.