మేడం గారి ముక్కుగా నా నిర్వాకం

ఇది చదివాక మెదడు శాస్త్రం మీద మీకున్న గౌరవం తగ్గకూడదు, ముందే చెబుతున్నాను. తగ్గించుకోవలసింది నా మీద ఉన్న గౌరవం. ఒక పరిశోధనను, ఒక పెద్దావిడ పరువును, అప్పుడే పుట్టబోతున్న ఒక సిద్ధాంతాన్ని ఒకే ఒక్క పొట్లంతో ముంచిన ఘనత నాది. తుపాను కూడా ఊరు ముంచే ముందు హెచ్చరిక పంపుతుంది. నేను అదీ పంపలేదు.

అప్పుడు నేను నెల్లూరులో ఒక చిన్న న్యూరోసైన్స్ ల్యాబులో రీసెర్చ్ అసిస్టెంటుని. మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకు వెళతాడు, అమ్మ చేపలూ రొయ్యలూ ఎండబెట్టి అమ్ముతుంది. రీసెర్చ్ అసిస్టెంటు అంటే ఏమిటో తెలియక అమ్మ ఊరంతా "మా కామాక్షి తలకాయల డాక్టరు కాడ ఉండాది" అని చాటింది. దాంతో నేను సెలవుకి వెళితే చాలు, తలనొప్పి వాళ్ళంతా మా వాకిట్లో చేరేవాళ్ళు.

ల్యాబు పెద్ద వసుంధర మేడం. వాసన తగిలినప్పుడు మెదడులో ఏం జరుగుతుందన్నది ఆవిడ పరిశోధన. విచిత్రం ఏమిటంటే ఆవిడకు వాసనలు తెలియవు. కరోనా జ్వరం పోతూ పోతూ ఆవిడ ముక్కుశక్తిని మూటగట్టుకుపోయింది. కాఫీ తాగుతున్నారో వేణ్ణీళ్ళు తాగుతున్నారో రంగు చూసి తెలుసుకోవాలి పాపం. ఆ కసితోనే ఈ పరిశోధన మొదలుపెట్టారు. నన్ను ఇంటర్వ్యూలో అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే.

"నీ ముక్కు ఎలాంటిదమ్మా?"

"నా ముక్కా మేడం! కళ్ళకు గంతలు కట్టండి. గంపలో ఉండే చేప వంజరమో పండుగప్పో చెప్పేస్తాను."

"అయితే ఈ ల్యాబులో నా ముక్కు నువ్వే."

ఇక చూసుకోండి. ఆ రోజు నుంచి నేను నడుస్తుంటే నాకంటే ముందు నా ముక్కు నడిచేది.

ప్రయోగం తేలికే. వచ్చినవాళ్ళ తలకు వైర్ల టోపీ పెట్టి, కళ్ళకు గంతలు కట్టి, మూడు సీసాలు ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెడతాం. ఒకదానిలో దూది మీద మల్లె నూనె, ఒకదానిలో గూడూరు నిమ్మతొక్కల నూనె, మూడోదానిలో ఉత్త దూది. వాసన వస్తే ఒక మీట, రాకపోతే ఇంకో మీట నొక్కాలి. మాట్లాడటం మాత్రం నిషేధం, ఎందుకంటే దవడ కదిలితే తెర మీద మెదడు కదలికలు చూపే గీతలన్నీ చెడిపోతాయి. బయటికి వెళ్ళాక కూడా సీసాల గురించి ఎవరికీ చెప్పకూడదు. ప్రతి ఉదయం ఆ మూడో సీసా వాసన చూసి "ఖాళీ మేడం" అని ధ్రువీకరించడం నా పవిత్ర కర్తవ్యం.

వానలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే అమ్మ ఊరి నుంచి ఎండు రొయ్యల పొట్లం పంపింది. వెంటనే ఫోను.

"చెమ్మ తగలనీబాక మే! చెమ్మ తగిలిందంటే పురుగు పడతాది. కష్టపడి ఎండబెట్టినా."

మా హాస్టల్లో గోడలకే బూజు పట్టే కాలం అది. చెమ్మ తగలని చోటు నెల్లూరు మొత్తం మీద ఎక్కడుంది? ఉంది! మా ల్యాబులో ఉంది! తేమ చేరకూడని సామాను పెట్టుకునే అద్దాల తలుపు పెట్టె. బయట ఎంత ముసురు పట్టినా దాని లోపల నడివేసవే. వైర్లు, టోపీలు, దూది అన్నీ అందులోనే ఉంటాయి. పొట్లాన్ని కింది అరలో వెనక్కి తోసి తలుపు వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మీరు నవ్వకండి, అసలు కథ ఇప్పుడే మొదలైంది.

మర్నాడు అయ్యప్ప మాల వేసుకున్న డిగ్రీ కుర్రాడు వచ్చాడు. మూడో సీసా పెట్టగానే "వచ్చింది" మీట నొక్కాడు. గంతలు విప్పగానే చెప్పులు వెతుక్కున్నాడు.

"మాతా, నేను ఇంక ఈ పరీక్షకు రాను."

"ఎందుకు స్వామీ? ఏమన్నా ఇబ్బందా?"

"దీక్షలో ఉండాను మాతా. ఇంతకన్నా నన్నేమీ అడగబాకండి."

మల్లెపూల వాసన మనసును చలింపజేసిందేమో, ఎంత నిష్ఠ అనుకుని దణ్ణం పెట్టి పంపాను.

తర్వాత వచ్చినవాళ్ళంతా మూడో సీసాకి "వచ్చింది" అనే నొక్కారు. కొందరు గుటకలు కూడా మింగారు. కార్తీక మాసం కదా, ఊరంతా నీచు మానేసి ఉంది. వానలకు జలుబు పట్టి ముక్కు మూసుకుపోయిన బాషా అన్న, పక్కగదిలో మిషను చూసేవాడు, తల బయటికి పెట్టాడు.

"ఏంది కామాక్షీ, మల్లెపూలకంటే ఖాళీ సీసాకే గీతలు ఎగర్తా ఉండాయి?"

"మిషను ముసలిదైపోయిందన్నా."

"మొన్ననే గదమ్మే కొన్నది!"

మేడం పరుగున వచ్చారు. "సీసా మార్చు. దూది కూడా మార్చు. వాసన చూసి చెప్పు."

మార్చాను. కొత్త దూది ఎక్కడిది? ఆ పెట్టెలోదే. శ్రద్ధగా పెట్టె అడుగు నుంచి, పొట్లానికి ఆనుకుని ఉన్న మెత్తటి దూది ఏరి తెచ్చాను. గుండెల నిండా పీల్చి చూశాను.

"గాలి మేడం. స్వచ్ఛమైన గాలి."

ఈసారి గీతలు తెర దాటిపోతాయేమో అన్నట్టు లేచాయి.

మేడం కుర్చీలో కూలబడ్డారు. కళ్ళు మెరుస్తున్నాయి. "కామాక్షీ, ఏమీ లేనిచోట మెదడు తనంతట తానే వాసన పుట్టిస్తోంది! అంటే..." అని తన ముక్కు తడుముకున్నారు. "నాలాంటివాళ్ళకు కూడా లోపలెక్కడో వాసన బతికే ఉందన్నమాట."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత గొప్ప సత్యం బయటపడటానికి నా ముక్కు కారణమైందని పొంగిపోయాను కూడా. కారణమైన మాట నిజమే, ఏ రకంగానో అప్పుడు తెలియదు.

మా ప్రాజెక్టు గడువు ఆ నెలతో అయిపోతోంది. పొడిగించాలా, ల్యాబుకి తాళం వేయాలా అన్నది తేల్చడానికి రాఘవయ్య గారనే పెద్ద ప్రొఫెసరు వస్తున్నారు. ఆయన సరే అంటే మేడం పరిశోధన బతుకుతుంది, కాదంటే మా అందరి కథా కంచికే. మేడం ఆ వారమంతా సరిగా తిండి తినలేదు. ఆశలన్నీ ఆ ఖాళీ సీసా మీదే.

రాఘవయ్య గారు వచ్చారు, అంతా విన్నారు. "ముందు నా తలకాయ మీద చెయ్యండి" అని కుర్చీలో కూర్చున్నారు. ఆయనది నున్నటి బట్టతల కావడంతో టోపీ సర్దడం బాషా అన్నకు చిటికెలో పని. మల్లె అయింది. నిమ్మ అయింది. నేను పూజారి హారతి ఇచ్చినంత భక్తిగా మూడో సీసా తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టాను.

గీతలు లేచాయి. మేడం చేతులు జోడించారు. రాఘవయ్య గారు మీట నొక్కలేదు. నోరు తెరిచారు.

"ఎండు రొయ్యలు!"

"సార్, మాట్లాడకూడదు సార్. గీతలు చెడిపోతాయి" అన్నాను.

"చెడితే చెడనీమ్మే! ఇందులో రొయ్యలు ఉండాయా లేదా?"

"లేవు సార్. అది ఖాళీ సీసా. నేను రోజూ చూస్తున్నాను."

"సూళ్ళూరుపేటలో పుట్టినోడిని, పులికాట్ రొయ్యలు తిని పెరిగినోడిని. నాకే చెప్తావా? కార్తీకం పుణ్యమా అని ఇంట్లో పప్పుచారు తాగలేక చస్తా ఉండా, నా ముక్కు మోసపోతాదా?"

"సార్, పెద్దవారు, అనకూడదు గానీ ఇది మీ మెదడు పుట్టిస్తున్న వాసన. ఎండు రొయ్యలు ఇక్కడికి ఎలా..."

నా వాక్యం అక్కడ ఆగిపోయింది. నా కళ్ళు నాకు చెప్పకుండానే ఆ అద్దాల పెట్టె వైపు తిరిగాయి. బాషా అన్న కళ్ళు నా కళ్ళ వెంట వెళ్ళాయి. ఆయనే వెళ్ళి కింది అరలోంచి పొట్లం లాగాడు.

మేడం ముఖం చూసే ధైర్యం నాకు లేదు. లోపల బతికే ఉందనుకున్న వాసనను నేనే చంపేశాను.

"మేడం, అబద్ధం చెప్పలేదు మేడం" అని భోరుమన్నాను. "రోజూ చూశాను. నాకు నిజంగా రాలేదు."

"ఇంత కంపు రాలేదా? నమ్మమంటావా?" అన్నారు రాఘవయ్య గారు.

"అమ్మతోడు సార్."

"అయితే కూర్చో. టోపీ పెట్టండి ఈ పిల్లకి."

నన్ను కూర్చోబెట్టి కళ్ళకు గంతలు కట్టారు. ముందు పీల్చి, గీతలు తేలాక నోటితో చెప్పమన్నారు. ఉద్యోగం పోయే ముందు నా ముక్కు పరువైనా దక్కించుకోవాలని గట్టిగా పీల్చాను.

"మల్లె సార్."

"ఊఁ."

"నిమ్మ సార్. గూడూరుది."

"సరే. ఇదేందో చెప్పు."

పీల్చాను. ఇంకోసారి పీల్చాను. నిజాయితీగా, ఆత్మవిశ్వాసంతో చెప్పాను. "ఇది ఖాళీ సీసా సార్. ఏమీ లేదు."

బాషా అన్న గొంతులోంచి ఏదో కీచుమన్న శబ్దం వచ్చింది. ఎవరో నా గంతలు లాగేశారు. సీసా లేదు, గీసా లేదు. రాఘవయ్య గారి పిడికిలి నిండా ఎండు రొయ్యలు. వాటి మీసాలు నా ముక్కుకి తగులుతున్నాయి. తెర మీద నా గీతలు మల్లెకు లేచాయి, నిమ్మకు లేచాయి, రొయ్యల దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం చేసిన మనిషిలా పడుకున్నాయి.

మేడం తెర వైపు చూశారు, నా వైపు చూశారు. పెదవులు వణికాయి. తిట్టబోతున్నారనుకుని కళ్ళు మూసుకున్నాను. వినబడింది నవ్వు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, కుర్చీ పట్టుకుని నవ్వుతున్నారు.

"ఓసి పిచ్చిదానా! ముక్కు ఉండి కూడా నా జట్టేనా నువ్వు!"

"నాకేమైంది మేడం?" అన్నాను భయంగా.

"పుట్టినప్పటి నుంచీ పీల్చిన వాసన కదే! నీ మెదడు దాన్ని గాలిలో కలిపేసుకుంది."

రాఘవయ్య గారు చెయ్యి దులుపుకుని లేచారు. "వసుంధరా, లేని వాసన ఎట్ట పుడతాదో ఇంక వదిలెయ్. ఉన్న వాసన ఎట్ట మాయమవుతాదో అది చెయ్యి. గడువు పెంచమని నేను రాస్తా. ఈ పిల్లని మాత్రం యాడికీ పోనీబాక, ఇట్టాంటి తలకాయ మళ్ళా దొరకదు." అని పొట్లం తీసి సంచిలో వేసుకున్నారు. "ఇది సాక్ష్యం. కార్తీకం అయినాక పరిశీలిస్తా."

అలా నేను ల్యాబులో ముక్కు పదవి పోగొట్టుకుని, పరీక్షించబడే తలకాయ పదవి సంపాదించాను.

అందుచేత పాఠకులారా, వైర్ల టోపీ మీద కుడిచెయ్యి వేసి, తూర్పున ఉన్న సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దూది ఉన్న పెట్టెలో ఈ జన్మలో ఎండు రొయ్యలు పెట్టను. పెట్టలేదని నా ముక్కుతో సాక్ష్యం చెప్పించను. ఎండు నెత్తళ్ళ చేపల గురించి మేడం అడగలేదు, నేనూ చెప్పలేదు.