మసాల దంచిన చేయి

నా చిన్నప్పుడు ఒక పొద్దున, బట్టల మిల్లు ఆరు గంటల సైరన్ కూసే వేళకు, మా పెద్దత్త పొయ్యి మీద ధనియాలు వేయిస్తున్నది. ఆ వారంలోనే చిన్నత్త పెళ్లి. ఇద్దరూ మా నాయన తోబుట్టువులు. భర్త పోయి పుట్టింటికి వచ్చిన పెద్దత్త, అప్పటికి పసిపిల్లగా ఉన్న చెల్లెలిని చంకనెత్తుకొని పెంచింది.

మా ఇంట్లో పెళ్లికి వండే మాంసం కూరకు మసాల దంచే పని ఎప్పుడూ ఆమెదే. ధనియాలు, చెక్క, లవంగం, షాజీర వేటికవి వేయించేది. కలిపి వేయిస్తే ఒకటి మాడుతుంది, ఇంకొకటి పచ్చిగా ఉంటుంది. ఆమె దంచుతుంటే ఆ ఘాటుకు మగ్గం మీదున్న మా నాయన తుమ్మేవాడు.

ఎండెక్కాక వాడకట్టు ఆడవాళ్లు పసుపు దంచడానికి వచ్చారు. అదే రోలు కడిగి, రోకలికి పసుపు కొమ్ము కట్టారు. పెద్దత్త కూడా చేతులు కడుక్కొని వచ్చి నిలబడింది. చెల్లెలి పసుపుకు ఒక్క పోటైనా వేయాలని ఆమె ఆశ.

పక్కింటి పెద్దమ్మ మెల్లగా అన్నది. "నువ్వు జర లోపలికి పో బిడ్డా. ముత్తైదువల పని గద."

పెద్దత్త వెనుదిరిగింది. అప్పుడు మా బాపమ్మ, అంటే పెద్దత్త తల్లి, మసాల కుండ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"గిది గూడ లోపల పెట్టు బిడ్డా. నువ్వు దంచిందే గదా. పెండ్లికి ఉత్త పప్పే వండిపిద్దాం."

"అయ్యో వదినా, మసాల ఏం పాపం జేసింది?" అన్నది పక్కింటి పెద్దమ్మ.

"నా బిడ్డ ఏం పాపం జేసింది? మీ నోటికి పనికొచ్చే చేయి రోటికి పనికిరాదా?"

"కూర లేదంటే మా ఆయన పెండ్లికే రాడు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాపమ్మ నవ్వలేదు. రోకలి తీసి పెద్దత్తకు ఇచ్చింది. మొదటి పోటు ఆమెదే.

ఇన్నేళ్ల తర్వాత, పోయినేడు నా భర్త పోయాడు. ఈ మధ్య మడికొండలో మా మనవరాలి పెళ్లికి పసుపు దంచారు. వియ్యాలవారి తరఫు ఒకావిడ నావైపు చూసి మాట వెతుక్కుంటున్నది. ఆమెకు మాట దొరికేలోపే నేను రోకలి అందుకున్నాను.

మసాల ఇప్పుడు మిక్సీలోనే వేస్తాను. అయినా ధనియాలు వేరుగానే వేయిస్తాను. పసుపు దంచేటప్పుడు మా ఇంట్లో ఎవరినీ లోపలికి పొమ్మనడం లేదు.