నూలు గోదాము వెనక గోడ

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడ చివర ఒక నూలు గోదాము ఉండేది. దాన్ని తలచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, ఆ కట్టడం తప్పేమీ లేదు. బొంబాయి రేవులో పత్తి బేళ్ళు దాచే గోదాములను చూసొచ్చిన ఒక షావుకారు, తనకూ అలాంటిదే కావాలని రాతితో కట్టించాడు. మా నాయనమ్మ పెళ్ళయిన కొత్తలో బతుకుతెరువుకు బొంబాయి పోయి, అలాంటి రేవు గోదాములు కట్టేచోటే సున్నం తట్టలు మోసింది. అందుకే ఆ దారిన పోయినప్పుడల్లా ఆ గోడలు చూపించి నాకు చెప్పేది.

సముద్రపు తేమకు సరుకు ముక్కిపోకుండా నేలను నడుమెత్తు లేపుతారట. లోపలి నేల మట్టానికి గోడలో బెజ్జాలు వదిలి, వాన జల్లు కొట్టకుండా వాటిని గోడ మందంలోనే వంపు తిప్పుతారట. కింద దూరిన గాలి చూరు కింది సన్న కిటికీల్లోంచి బయటికి పోతుందట. "గోదాము ఊపిరి తీస్కోవాలె బిడ్డా. లేకుంటే లోపలి సరుకు ఖరాబైతది" అనేది.

తొలి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఎండాకాలంలో బడులు మూతపడ్డాయి. ఒకనాడు పొద్దున్నే నినాదాలిచ్చిన పిల్లలను పోలీసులు పట్టుకున్నారు. ఠాణాలో చోటు లేదని, ఖాళీగా ఉన్న ఆ గోదాములో వేసి తాళం పెట్టారు. అరుపులు ఊరికి వినపడకూడదని పై కిటికీలకు రేకులు కొట్టారు. హైస్కూలు చదివే మా అన్న అందులోనే ఉన్నాడు. మధ్యాహ్నం దాటినా గుక్కెడు నీళ్ళు లోపలికి పోనివ్వలేదు. నూలుకు దక్కిన మర్యాద కన్నబిడ్డలకు దక్కలేదు!

మా అమ్మ తలుపు దగ్గర జవాను కాళ్ళు పట్టుకుంది. "పై ఆఫీసర్లకెళ్ళి ఆర్డర్ రావాలె" అని అతను మొహం తిప్పుకున్నాడు. నాయనమ్మ అమ్మను రెక్క పట్టి లేపింది. "గానికేం మొక్కుతవ్, లే" అని కసిరి, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది.

నూలుకు గంజి పట్టించడం మగ్గం నేసే మా సాలోళ్ళకు రోజూ ఉన్న పనే. ఆ రోజు నాయనమ్మ ఉతికి ఆరేసిన నూలు చిలప చుట్ట ఒకటి విప్పి, ఉప్పు కలిపిన పలచటి అంబలి కుండలో ముంచింది. కుండ నెత్తికెత్తుకుని గోదాము వెనక్కి పోయింది. ఒక బెజ్జంలో పూడిన మన్నును సన్నటి వెదురు బద్దతో పొడిచి, ఆ బద్దకే నూలు కొస కట్టి లోపలికి తోసింది.

"గుంజుండ్రి కొడుకా! నోట్ల పిండుకోండ్రి!"

లోపల ఎవరో లాగారు. నేను ముంచుతుంటే ఆమె తోసింది, వాళ్ళు లాగారు. కాసేపటికి మా అన్న గొంతు వినిపించింది. "నాయనమ్మా, ఉప్పు తక్కువైంది!" ఏడుస్తూనే ఫక్కున నవ్వాను.

అంతలో జవాను పరుగున వచ్చి దారం పట్టి వెనక్కి లాగాడు. లోపలివాళ్ళు వదల్లేదు. నాయనమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"గుంజు, ఇంక గుంజు! దారానికి గాలి కావాల్నని గీ బొక్కలు పెట్టిన్రు. మా పోరగాండ్లకు గా గాలి గూడ వద్దా? థూ, నీకు పిల్లల్లేరా?"

వాడలోని ఆడవాళ్ళంతా తలా ఒక కుండతో వచ్చి ఆ గోడ వెంట నిలబడ్డారు. జవాను దారం వదిలేశాడు.

పొద్దుగూకే వేళకు తలుపులు తీశారు. కొందరిని మోసుకు రావలసి వచ్చింది. తప్పయిందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. పైగా ఆ షావుకారు మర్నాడే మేస్త్రీని పిలిపించి బెజ్జాలన్నీ సిమెంటుతో పూడ్పించాడు. తన సరుకు ముక్కిపోయినా సరేననుకున్నాడు, ఎంత కడుపుమంట!

కోపం తగ్గించుకోమని మనవలు నాకు సుద్దులు చెబుతారు. నేనెందుకు తగ్గించుకోవాలి? ఆ కోపంతోనే మా నాయనమ్మ మా అన్నను బతికించుకుంది. నేటికీ ఎవరైనా నా ముందు తలుపు మూస్తే, వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడను. గోడ వెనక్కి నడుస్తాను.